గుమ్మం దాకా మన బిడ్డే

అనకాపల్లి దంపతుల కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఒళ్లో బెల్లం ఉంది. 4 నెలల ఆడ కుక్కపిల్ల. ఒంటి రంగు చూసి మేం పెట్టుకున్న పేరది. ఎదురింటావిడ నా పక్కకొచ్చి, "ఇన్నాళ్లూ చంటిపిల్లలా సాకారు కదండీ, ఇచ్చెయ్యడానికి మనసెలా ఒప్పింది?" అని అడిగారు. ఆ పూట నాకు నోట మాట రాలేదు.

ఆవిడకు చెప్పాల్సిన జవాబే ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి పనికి పూనుకుందామని అనుకుంటున్నవాళ్లకు కూడా పనికొస్తుందని నా ఆశ.

నాకు 67 ఏళ్లు. విశాఖపట్నంలో ఉంటాం. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి 2018లో రిటైరయ్యాను. మొదటి కుక్కపిల్ల మా ఇంటికి వచ్చింది 2014 అక్టోబరులో. 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసి వెళ్లింది. మర్నాడు మా వీధిలో కూలిన చెట్టు కొమ్మలు నరుకుతుంటే కింద మూలుగు వినిపించింది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. ఆ చీకట్లో దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నెలన్నర తర్వాత మా సహోద్యోగి ఒకరు దాన్ని తీసుకెళ్లారు. అప్పటినుంచి ఇప్పటిదాకా 23 పిల్లలు వచ్చాయి. 20 తమ ఇళ్లకు చేరాయి. 3 నా చేతుల్లోనే పోయాయి. దిక్కులేని పిల్లకు శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా మనింట్లో ఉంచి సాకడాన్ని ఇప్పటి కుర్రకారు ఫోస్టరింగ్ అంటున్నారు. ఆ పని నాకు నేర్పిన పాఠాలు ఇవి.

1. తల్లి ఉన్న పిల్లను ఎత్తుకురావద్దు

కుక్కపిల్ల ఒంటరిగా కనిపించినంత మాత్రాన అనాథ అనుకోకూడదు. తల్లి తిండి వెతుక్కుంటూ వెళ్లి ఉండొచ్చు. పిల్ల పొట్ట నిండుగా, ఒళ్లు వెచ్చగా ఉండి హాయిగా నిద్రపోతుంటే తల్లి వచ్చి వెళ్తున్నట్టే. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించండి. సాయంత్రం మళ్లీ వెళ్లి చూడండి. 8 వారాలు నిండేదాకా పిల్లకు తల్లి దగ్గర దొరికేది ఇంకెక్కడా దొరకదు. పాలు ఒక్కటే కాదు. గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందని తోబుట్టువు కీచుమన్నప్పుడే దానికి తెలుస్తుంది. ఆ చదువు మనం అంత బాగా చెప్పలేం.

పెద్ద వీధికుక్కలకూ మన ఇల్లే గతి అనుకోవద్దు. వీధిలో పుట్టి, వీధివాళ్లకు అలవాటుపడ్డ కుక్కకు ఆ వీధే ఇల్లు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలన్నది 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో అసలు సూత్రం. మన ఒడి అవసరమయ్యేది నిజంగా దిక్కులేని పిల్లలకు. బెల్లం తల్లిని కంచరపాలెం దగ్గర లారీ తొక్కేసింది. మిగిలిన రెండు పిల్లలూ వానకు పోయాయి. టీకొట్టు అతను 3 రోజులు బన్నుముక్కలు పెట్టి దీన్ని బతికించాడు. నాలుగో రోజున కాలేజీ అమ్మాయి ఒకతి దాన్ని చున్నీలో చుట్టుకుని మా గుమ్మం ఎక్కింది.

2. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాకే గేటు తెరవండి

ఒకరి జాలి మీద ఇంకొకరి నిద్ర పాడవకూడదు. రాత్రి 2 గంటలకు ఎవరు లేస్తారు? ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? మందుల ఖర్చు ఎవరిది? ఈ మూడూ ముందే మాట్లాడుకోండి. మా ఆయనకు మొదట్లో కుక్కలంటే ఇష్టం ఉండేది కాదు. వంటింట్లోకి, పూజగదిలోకి రానివ్వకూడదని ఒక్క షరతు పెట్టారు. 11 ఏళ్లుగా ఆ షరతు తప్పలేదు. అందుకే ఆయన ఈరోజు నాకంటే ముందు లేచి వాటిని పెరట్లోకి తీసుకెళ్తున్నారు.

ఇరుగుపొరుగుకూ చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. కానీ ఆ కాగితం చేతిలో పట్టుకుని తలుపు తట్టకండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును పొట్టన పెట్టుకున్నాయి. ఆ తర్వాత కుక్కను చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కునే తల్లులను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆ భయం న్యాయమైనది. టీకా కార్డు చూపిస్తాను. "గొలుసు లేకుండా మెట్లు దిగనివ్వను, మీ గుమ్మం ముందు మురికి చేస్తే నేనే కడుగుతాను" అని మాటిస్తాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాను. భయపడేవాళ్లను గౌరవిస్తేనే వాళ్లు మన పిల్లను బతకనిస్తారు.

3. ముందు డాక్టరు, తర్వాతే ముద్దు

ఈ పాఠానికి నేను రెండు ప్రాణాల ఖరీదు చెల్లించాను.

2016లో నల్లటి పిల్ల ఒకటి వచ్చింది. రెండు రోజులు చక్కగా ఆడుకుంది. మూడోనాడు ముద్ద ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు. వాసన గది దాటింది. పార్వో అన్నారు డాక్టరు. 4 రోజులు సెలైన్ పెట్టించినా దక్కలేదు. ఏడ్చి, గదంతా ఫినాయిల్‌తో కడిగి, నెల తిరక్కుండా ఇంకో పిల్లను తెచ్చుకున్నాను. దానికీ అదే జబ్బు వచ్చింది. అదే గదిలో పోయింది.

ఆ రెండో చావుకు నాదే బాధ్యత. జీవశాస్త్రం చెప్పినదాన్ని, పార్వో వైరస్ నేలలో, గోడ పగుళ్లలో నెలల తరబడి బతికి ఉంటుందని తెలుసుకోకుండా ముందుకెళ్లాను. ఫినాయిల్ వాసనను నమ్ముకోకూడదు. ముందు మురికంతా సబ్బుతో కడగాలి. తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, నేలను 10 నిమిషాలు తడిగా ఉంచాలి. గిన్నెలకూ అంతే. గోనెపట్టాలు కాల్చెయ్యాలి. పెరటి మట్టిని అలా కడగలేం కాబట్టి, పార్వో వచ్చిన పెరట్లో టీకాలు పూర్తికాని పిల్లను చాలా నెలలు దించకూడదు. నేను ఏడాది ఆగాను.

అందుకే కొత్త పిల్ల వచ్చిన రోజే డాక్టరుకు చూపిస్తాను. పళ్లను చూసి వయసు అంచనా వేస్తారు. పాలపళ్లు 28. 8 వారాలకు దాదాపు అన్నీ వచ్చేస్తాయి, నాలుగో నెలలో ముందుపళ్లు ఊడటం మొదలవుతుంది. పురుగుల మందు వేయిస్తాను. ఉబ్బిన పొట్ట బొద్దుతనం కాదు, చాలాసార్లు లోపల నులిపురుగుల గుంపు. గోమార్లు ఏరి, వాటికి మందు రాయిస్తాను. వాటి వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని తినేస్తుంది. 6 నుంచి 8 వారాల మధ్య మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి మళ్లీ వేయించాలి. 3 నెలలకు రేబిస్ టీకా. మొదటి రెండు వారాలు వేరే కుక్కల దగ్గరకు పోనివ్వను. మీ ఇంట్లో ముందే కుక్క ఉంటే గది వేరు, గిన్నె వేరు, చెప్పులు కూడా వేరు.

కుక్కపిల్ల ఒక పూట తినకపోతే గమనించండి. తినకపోవడంతోపాటు వాంతి కూడా అయితే తెల్లారేదాకా ఆగకండి. చిన్న ఒంట్లో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి.

4. మొదటి మూడు రోజులు దాని మానాన దాన్ని వదలండి

ఇంటికి రాగానే స్నానం, ఫొటోలు, వీధి పిల్లలందరి చేతుల్లో ఊరేగింపు. ఇదంతా మన సంబరం. దానికి మాత్రం తల్లి వాసన, తెలిసిన నేల, తోబుట్టువుల వెచ్చదనం ఒక్కపూటలో పోయాయి. మెట్లకింద ఒక మూల గోనెపట్టా, దానిమీద పాత చీర, పక్కన నీళ్ల గిన్నె. అంతే. ఆ మూలకు ఎవరూ వెళ్లరు. నేను కాస్త దూరంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంటాను. దానివైపు చూడను. దానికి ధైర్యం వచ్చినప్పుడు అదే వస్తుంది. ముందు నా చీర కొంగును వాసన చూస్తుంది. మర్నాడు కాలి మీద గడ్డం ఆనిస్తుంది. మచ్చిక అనేది దాని వైపు నుంచి మొదలవ్వాలి.

కుక్కల్ని సాకేవాళ్లు ఒక లెక్క చెబుతుంటారు. భయం తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి 3 నెలలు. ఒకటి అటూఇటూగా ఉన్నా నా అనుభవంలో ఆ లెక్క నిలబడింది. బెల్లం మొదటి 2 రాత్రులు గొంతు పోయేలా ఏడ్చింది. తిట్టలేదు, ఎత్తుకుని ఊపనూ లేదు. చాప దాని పక్కన వేసుకుని పడుకుని, చెయ్యి కింద పెట్టి ఉంచాను. మూడో రాత్రి నా వేళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

5. పొట్ట తెలిసి పెట్టండి

చిక్కిపోయిన పిల్లను చూస్తే గిన్నెడు పాలు పొయ్యాలనిపిస్తుంది. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు పడవు. విరేచనాలు పట్టుకుంటాయి. ఆకలితో వచ్చిన పొట్టను ఒక్కసారిగా నింపినా ప్రమాదమే. మెత్తగా ఉడికించిన అన్నంలో, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం మెదిపి, కొంచెం కొంచెంగా రోజుకు 4 సార్లు పెడతాను. తర్వాత ఉడికించిన గుడ్డు, గుమ్మడికాయ ముక్క, కాస్త రాగిజావ. ఎదిగే ఒంటికి అన్నం ఒక్కటే చాలదు కాబట్టి, డాక్టరు చెప్పిన కుక్కపిల్లల మేత 7, 8 రోజుల్లో మెల్లగా కలుపుతూ అలవాటు చేస్తాను.

మన కంచంలోది పెట్టకూడదు. మన కూరల్లో ఉండే ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని విరిచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పొంగలి, పాయసం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చాక్లెట్ విషం. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, జ్వరంగా ఉందని మన మందుబిళ్ల వెయ్యకండి. కుక్క ఒళ్లు మామూలుగానే మనకంటే వెచ్చన. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా దానికి ఆరోగ్యమే. చేత్తో ముట్టుకుని జ్వరమని తేల్చడం, మన ఇంట్లోని జ్వరం మాత్రో నొప్పి మాత్రో మింగించడం, ఈ రెండూ కలిసి పిల్ల ప్రాణం తీస్తాయి.

6. తడిపినందుకు కొట్టకండి

నెలల్లో దాని వయసుకు ఒకటి కలిపితే, పగటిపూట అది ఆపుకోగలిగే గంటలు దాదాపుగా తెలుస్తాయి. 2 నెలల పిల్ల 3 గంటలు. అంతకుమించి ఆశిస్తే తప్పు మనదే. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట ఆపిన వెంటనే పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్లండి. పని కాగానే అక్కడే మెచ్చుకుని, చిన్న ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే, ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది.

గదిలో తడిపితే మాట్లాడకుండా తుడవండి. ముక్కు తీసుకెళ్లి అందులో రాసేవాళ్లను చూశాను. దానివల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనుషులు చూస్తుండగా పని కానివ్వకూడదని. మంచం కిందికి వెళ్లి కానిస్తుంది. బెల్లానికి ఈ విద్య రావడానికి 5 వారాలు పట్టింది. కొన్ని 2 వారాల్లోనే నేర్చుకున్నాయి. ఆలస్యమైన పిల్లను మొద్దు అనకండి. ఏ క్లాసులోనైనా ఉండే తేడాయే ఇది.

7. దాని పంటికి పని చెప్పండి, దాని కాటును తేలిగ్గా తీసుకోకండి

నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్లు ఊడి 42 పళ్లు వస్తాయి. చిగుళ్లు దురద పెడతాయి. చెప్పులు, కుర్చీకాలు, చీర అంచు ఏదైనా నోట్లో పెట్టుకుంటుంది. పాత తువ్వాలును తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తాను. చెయ్యి కొరికితే ఆట అక్కడే ఆపి, లేచి వెళ్లిపోతాను. అరవను, మూతి మీద కొట్టను. పంటి వల్ల ఆట పోతుందని వారంలో గ్రహిస్తుంది.

అయితే పుట్టుపూర్వాలు తెలియని పిల్ల పన్ను గీరుకుని నెత్తురు చుక్క కనిపించినా ఉపేక్షించకూడదు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. డాక్టరు రాసిన ప్రతి తేదీకీ టీకా వేయించుకోవాలి, మధ్యలో మానకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా సకాలంలో పడితే దాదాపు ఎవరూ చావరు. మా మనవడికి చిన్న గీత పడినప్పుడు, "కుక్కపిల్లే కదా" అన్నారు చుట్టాలు. నేను వినలేదు. ఈ పని తరచుగా చేసేవాళ్లు ముందస్తు టీకా వేయించుకోవడం మంచిది. మేమిద్దరం వేయించుకున్నాం.

ఇంకొక్క మాట. పిల్ల మింగలేక, చొంగ కారుస్తూ, దవడ వేలాడేస్తే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టకండి. రేబిస్ కూడా అలాగే కనిపిస్తుంది. తాకకుండా గదిలో ఉంచి డాక్టరును పిలవండి.

8. లోకాన్ని ఒళ్లో కూర్చోబెట్టి చూపించండి

3 వారాల నుంచి సుమారు 14 వారాల దాకా కుక్కపిల్ల మనసు తెరిచి ఉన్న కిటికీ. ఆ రోజుల్లో భయం లేకుండా చూసినదాన్ని జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. ఆ తర్వాత చూసినదాన్ని అనుమానిస్తుంది. కానీ టీకాలు పూర్తవ్వడానికి 16 వారాలు పడుతుంది. నేల మీద దించితే పార్వో భయం, గదిలో దాస్తే పిరికిదవుతుంది. దీనికి దారి భుజానికి గుడ్డసంచి. బెల్లాన్ని అందులో కూర్చోబెట్టుకుని సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద తిప్పేదాన్ని. అలల హోరు, ఐస్‌క్రీం బండి గంట, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, గడ్డం తాత, చక్రాల కుర్చీ అన్నీ సంచిలోంచే చూసింది. ఇంట్లో కుక్కర్ విజిల్, మిక్సీ, చెత్తబండి పాట. కొత్త చప్పుడు వినిపించినప్పుడల్లా నోటికి ఒక ముక్క. భయపడితే వెనక్కి వచ్చేస్తాం, బలవంతం లేదు.

దీపావళి పిల్లకు ప్రాణసంకటం. ఆ రోజు తలుపులు మూసి, పరదాలు వేసి, ఫ్యాను పెద్దది చేసి దాని పక్కనే ఉండండి. మెడలో ఫోన్ నంబరున్న పట్టీ తప్పనిసరి. చప్పుళ్లకు బెదిరి గోడ దూకి తప్పిపోయే కుక్కలు ఏటా ఉంటాయి.

9. మీరు లేకుండా ఉండటం నేర్పండి

అప్పగించాల్సిన పిల్లకు మనం నేర్పాల్సిన అసలు విద్య ఇదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. రోజంతా ఒళ్లోనే పెంచిన పిల్ల ఒకటి కొత్త ఇంట్లో బెంగ పెట్టుకుని తలుపులు గీరి గీరి గోళ్లు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి రెండో వారంలోనే మొదలుపెడతాను. నేను గదిలోంచి వెళ్లి నిమిషంలో వస్తాను. తర్వాత 5 నిమిషాలు, పావుగంట, గంట. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు లేవు, వచ్చినప్పుడు హడావిడి లేదు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారని దాని ఒంటికి తెలియాలి. మా ఆయన చేత, మనవడి చేత, పనమ్మాయి చేత కూడా తిండి పెట్టిస్తాను. ఒక్క చేతికే అలవాటుపడితే ఆ చెయ్యి వదిలిన రోజు అది తట్టుకోలేదు.

10. పేరు పెట్టండి, పేరు మీద పట్టు పెట్టుకోకండి

కొందరు ఎలాగూ ఇచ్చేసేదే కదా అని పేరు పెట్టరు. పేరులేని పిల్లను పిలవడం ఎలా? పిలిస్తే వచ్చే అలవాటు ఎలా అబ్బుతుంది? రెండక్షరాల్లోనో మూడక్షరాల్లోనో తేలిగ్గా పలికే పేరు పెట్టండి. కొత్త ఇంటివాళ్లు మార్చుకుంటామంటే సంతోషంగా ఒప్పుకోండి. కొత్త పేరు పిలిచిన ప్రతిసారీ ముద్ద పెడితే వారంలో పలుకుతుంది. బెల్లం మాత్రం అనకాపల్లి వెళ్లింది. బెల్లం అంగళ్ల ఊరు కదా, ఆ పేరు మారిస్తే ఊరుకోమని వాళ్ల పిల్లలే పట్టుబట్టారట.

11. ఉన్నది ఉన్నట్టు చెప్పండి

ఒకసారి పెద్ద తప్పు చేశాను. ఒక మగపిల్ల మగవాళ్లను చూస్తే వణికేది. ఎవరో బాగా కొట్టి ఉంటారు. ఆ సంగతి చెబితే ఎవరూ తీసుకోరని దాచాను. 9 రోజులకు తిరిగొచ్చింది. ఆ ఇంటి పెద్దాయన చెయ్యెత్తలేదు, గట్టిగా పిలిచారంతే. భయంతో కరిచింది. ఆయన నొచ్చుకున్నారు. పిల్ల రెండోసారి ఇల్లు పోగొట్టుకుంది. అది నా అబద్ధం చేసిన గాయం.

ఇప్పుడు ఒక పుస్తకం పెడతాను. టీకా తేదీలు, బరువు, తినేవి, పడనివి, భయపడేవి, అన్నీ రాస్తాను. "పిడుగుకు భయం. ఒంటరిగా 2 గంటలు ఉంటుంది. చీపురు చూస్తే మొరుగుతుంది." చదివి వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. తగ్గనివ్వండి. చదివాక కూడా చెయ్యి చాచినవాళ్లదే ఆ ఇల్లు.

అప్పటికీ తిరిగొస్తే తలుపు తియ్యండి, నిందించకండి. "మీ దగ్గర కుదరకపోతే రోడ్డు మీద వదలొద్దు, నాకే ఇవ్వండి" అని అప్పగించేరోజే మాట తీసుకుంటాను. ఆ వణికే పిల్లకు మరో 5 నెలలు పట్టింది. చివరికి మాటల్లో మెత్తనైన ఒక ముసలాయన ఇంట్లో కుదురుకుంది.

12. ఇల్లు చూసి ఇవ్వండి

సంబంధం చూసినట్టే చూడాలి. ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడినా ఇంటికి వెళ్లకుండా ఇవ్వను. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా, లేక పిల్లవాడి పుట్టినరోజు సరదానా? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? డాబా మీద, ఎండలో, గొలుసుకు అంటే నమస్కారం పెట్టి వచ్చేస్తాను. కాపలాకు అనేవాళ్లను ఇంకా లోతుగా అడుగుతాను. వేసవి సెలవులకు ఊరెళ్తే ఎవరు చూస్తారు? 12, 13 ఏళ్లు బతికే ప్రాణం ఇది. అప్పటికి మీ పిల్లలు ఎక్కడుంటారు? ఈ ప్రశ్నకు ఆగి ఆలోచించినవాళ్లంటే నాకు నమ్మకం.

"ఆడకుక్క వద్దండి, పిల్లల్ని పెడుతుంది" అంటారు చాలామంది. నా దగ్గర ఎక్కువ రోజులు ఉండిపోయినవి ఆడపిల్లలు, నల్లపిల్లలు. ఆడపిల్ల వద్దనే మాట కుక్కల విషయంలో విన్నా నాకు గుండె కలుక్కుమంటుంది. 6 నెలల వయసుకు డాక్టరు సలహాతో ఆపరేషన్ చేయిస్తే ఆ చింతే ఉండదు. మగదానికైనా సరే ఆపరేషన్ చేయిస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇస్తాను. "జాతికుక్క కాదు కదా" అనేవాళ్లతో ఒకటే చెబుతాను. మన ఎండకు, మన వానకు తరతరాలుగా తట్టుకుని నిలిచిన జాతి ఇది. మంచుదేశపు బొచ్చుకుక్కను విశాఖ ఉక్కలో ఏసీ గదిలో బంధించడంకన్నా, ఈ నేల మీద పుట్టిన పిల్లకు నేల మీద చోటివ్వడం మేలు.

13. అప్పగింత

వెళ్లేరోజు నా పాత చీర ముక్క ఒకటి, తిన్న గిన్నె ఒకటి వెంట పంపిస్తాను. వాసన తోడుంటే బెంగ తగ్గుతుంది. పది రోజుల మేత కూడా ఇస్తాను, తిండి ఒక్కసారిగా మారకుండా. పిల్ల ఎదుట కన్నీళ్లు పెట్టుకోను. మన వణుకు దానికి తెలుస్తుంది. తర్వాత రెండు నెలలు చూడటానికి వెళ్లను. ఫోన్ చేసి ఎలా ఉందని మాత్రం అడుగుతాను. కొత్త ఇంట్లో వేరు పట్టేలోపు పాత వాసన తగిలితే మొక్కను పీకి చూసినట్టే.

ఏడుపు వస్తుంది. 20 సార్లూ వచ్చింది. రాకపోతే సరిగ్గా సాకలేదని అర్థం. కానీ ఏడుపొస్తుందని ఉంచేసుకుంటే మన మూల నిండిపోతుంది. తర్వాత వచ్చే పిల్లకు చోటుండదు. ఆ మొదటి పిల్లను నేను ఉంచేసుకుని ఉంటే, ఈ ఇంట్లో కుక్క ఒకటే ఉండేది. ఇచ్చాను కాబట్టి మిగతా పిల్లలకు గుమ్మం దొరికింది.

మొన్న, బెల్లం వెళ్లిన 3 నెలలకు, అనకాపల్లి వెళ్లాను. గేటు చప్పుడుకు పరుగెత్తుకొచ్చింది. ఎదిగింది, నడుము సాగింది. నా కాళ్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, చేతులు నాకి, కొంగులో మొహం దూర్చింది. మరిచిపోలేదు. ఇంతలో లోపలినుంచి ఆ ఇంటావిడ "బెల్లం" అని పిలిచారు. నా కొంగు వదిలి వెళ్లి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. అక్కడినుంచే నన్ను చూస్తూ తోకాడించింది, తన ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

ఎదురింటావిడ అడిగినదానికి జవాబు నాకు అక్కడ దొరికింది. మనసు ఒప్పింది దీనికోసమే.

ఇంటికొచ్చి, మెట్లకింద మూలను మళ్లీ బ్లీచ్ నీళ్లతో కడిగాను. గోనెపట్టా కొత్తది తెచ్చి ఎండలో ఆరేశాను.